పట్టాలెక్కిన పరిజ్ఞానం - పట్టాలెక్కని ప్రాధాన్యం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి సీపత్ వెళ్ళే దారిలో ఉన్న మోప్కా ఒకప్పుడు పల్లెటూరు. నేడది నగరంలో కలిసిపోయిన శివారు. అదే దారిలో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఉంది. మరికొంత ముందుకు సాగితే 2,980 మెగావాట్ల సీపత్ విద్యుత్ కేంద్రం వస్తుంది. కోర్బా గనుల బొగ్గును నింపుకున్న గూడ్సు రైళ్ళు రేయింబవళ్ళు ఈ ప్రాంతం మీదుగా దేశం నలుమూలలకు తరలుతుంటాయి. బొగ్గు, కరెంటు, రైలు - ఈ మూడింటి చుట్టూనే ఇక్కడి జీవితం అల్లుకుని ఉంది.

2025 నవంబరు 4న సాయంత్రం 4 గంటల ప్రాంతంలో, నగరానికి ఈ తూర్పు దిక్కునే ఉన్న లాల్‌ఖదాన్ సమీపంలో ఘోరం జరిగింది. గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ ప్రయాణికుల రైలు ఒక గూడ్సు రైలును వెనుకనుంచి ఢీకొంది. మెమూ ముందు బోగీ గూడ్సు రైలు మీదికి ఎక్కిపోయింది. డ్రైవర్‌తో సహా కనీసం 11 మంది ప్రాణాలు కోల్పోయారు. మెమూ రైలు ఎర్ర సిగ్నల్‌ను దాటి ముందుకు పోవడమే ప్రమాదానికి కారణంగా కనిపిస్తున్నదని రైల్వేశాఖ ప్రాథమికంగా వెల్లడించింది. మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల వంతున పరిహారం ప్రకటించింది.

దీనికి మూడేళ్ళ ముందు ఇదే రైల్వే జోన్ పేరు దేశమంతటా మారుమోగింది. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి నాగ్‌పూర్ డివిజన్‌లోని రాజనందగావ్‌కు 'సూపర్ వాసుకి' అనే గూడ్సు రైలు నడిచింది. 6 ఇంజిన్లు, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, 27 వేల టన్నుల బొగ్గు. 267 కిలోమీటర్ల దూరాన్ని ఆ రైలు 11 గంటల 20 నిమిషాలలో చేరుకుంది. అందులోని బొగ్గు 3,000 మెగావాట్ల విద్యుత్ కేంద్రానికి ఒక రోజంతా సరిపోతుందని రైల్వేశాఖ సగర్వంగా ప్రకటించింది.

మూడున్నర కిలోమీటర్ల రైలును సురక్షితంగా గమ్యం చేర్చగలిగిన ఇంజినీరింగ్, కొద్ది బోగీల ప్రయాణికుల రైలును ఎర్రదీపం వద్ద ఆపలేకపోవడం ఎలా సంభవించింది? పరిజ్ఞానం లేక కాదు. ఆ పరిజ్ఞానం దేశంలోనే, అందులోనూ హైదరాబాద్‌లో, ఎప్పుడో సిద్ధమైంది. ఏ పరిజ్ఞానాన్ని ముందు పట్టాలెక్కించాలన్న నిర్ణయంలోనే లోపం ఉంది. కొత్త ఆవిష్కరణలు వ్యాపారాన్ని ఎలా మారుస్తాయన్న విషయంపై నేడు విస్తారంగా చర్చ జరుగుతున్నది. నాయకత్వాన్ని అవి ఎలా పరీక్షిస్తాయో తెలుసుకోవడానికి బిలాస్‌పూర్‌ను మించిన ఉదాహరణ అరుదు.

రైలు వెంట వచ్చిన తెలుగువారు

బిలాస్‌పూర్ ఎదుగుదలకు మూలం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగ్‌పూర్ నుంచి తూర్పుగా వేసిన మార్గం 1891 నాటికి పూర్తయింది. ఆ మార్గంలో కట్నీ వైపు దారి చీలే కూడలిగా బిలాస్‌పూర్ ప్రాముఖ్యం సంతరించుకుంది. తూర్పు కోస్తా మార్గంలో కటక్ నుంచి విశాఖపట్నం వరకు గల భాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తికావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ నేరుగా లంకె ఏర్పడింది.

ఒకే కంపెనీ యాజమాన్యం కింద ఉన్న ఈ మార్గాల వెంబడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు రైల్వే ఉద్యోగాలకు వెళ్ళి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్ కాలనీలలో స్థిరపడ్డారు. ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా, గుమాస్తాలుగా తరతరాలు అక్కడే జీవించారు. బిలాస్‌పూర్ కేంద్రంగా 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే లాంఛనంగా ప్రారంభమయ్యే నాటికి అక్కడి తెలుగు కుటుంబాలలో మూడో తరం, నాలుగో తరం వారు ఉన్నారు. అందుచేత బిలాస్‌పూర్ రైలు వార్త తెలుగు పాఠకునికి పరాయి ఊరి వార్త కాదు.

బొగ్గు ఇంజిన్ పోయి డీజిల్ ఇంజిన్, అది పోయి విద్యుత్ ఇంజిన్ రావడాన్ని ఈ కుటుంబాలు కళ్ళారా చూశాయి. బ్రాడ్‌గేజ్ మార్గాలపై ఆవిరి ఇంజిన్ల శకం 1995లో ముగిసింది. ఆవిరి ఇంజిన్‌తోపాటు ఫైర్‌మన్ కొలువు, బొగ్గు మోసే కూలి, నీటి కుళాయిల కాపలా, బాయిలర్ మరమ్మతుదారు నైపుణ్యం కూడా చరిత్రలో కలిశాయి. కొత్త యంత్రం ఎవరికి లాభం తెచ్చింది, ఎవరి పని తీసివేసింది అన్నది ఈ ఊళ్ళలో పుస్తకం చదివి తెలుసుకోవలసిన విషయం కాదు.

పొడవు పెంచిన ఇంజినీరింగ్

గూడ్సు రైలును పొడిగించడమంటే వ్యాగన్లకు వ్యాగన్లు తగిలించడం మాత్రమే కాదు. రైలు బ్రేకులు గాలి పీడనంతో పనిచేస్తాయి. ముందున్న ఇంజిన్‌లో డ్రైవర్ బ్రేకు వేసినప్పుడు పీడనంలోని మార్పు గొట్టం గుండా చివరి వ్యాగన్ దాకా చేరడానికి కొంత సమయం పడుతుంది. రైలు ఎంత పొడవైతే ఈ ఆలస్యం అంత పెరుగుతుంది. ముందు వ్యాగన్లు ఆగుతుంటే వెనుక వ్యాగన్లు వాటిని నెడుతుంటాయి. బయలుదేరేటప్పుడు ఇంజిన్ల లాగుడంతా మొదటి కప్లింగుల మీదనే పడుతుంది. ఆ ఒత్తిడికి కప్లింగులు తెగే ప్రమాదం ఉంది.

ఇంజిన్లన్నిటినీ ముందు కట్టకుండా రైలు పొడవునా అక్కడక్కడ పంచడమే దీనికి ఇంజినీర్లు కనుగొన్న పరిష్కారం. ముందు ఇంజిన్ నుంచి వెలువడే రేడియో సంకేతాలకు అనుగుణంగా మధ్యలోని ఇంజిన్లు కూడా ఒకే సమయంలో లాగుతాయి, ఒకే సమయంలో బ్రేకు వేస్తాయి. లాగుడు శక్తి, బ్రేకు శక్తి రైలంతటా సమంగా విస్తరిస్తాయి. 2020 జులైలో నాలుగు ఖాళీ గూడ్సు రైళ్ళను కలిపి 2.8 కిలోమీటర్ల 'శేష్‌నాగ్'ను, 2021 జనవరిలో ఐదు రైళ్ళను కలిపి మూడున్నర కిలోమీటర్ల 'వాసుకి'ని ఆగ్నేయ మధ్య రైల్వే నడిపింది. సూపర్ వాసుకి ఈ క్రమంలో పతాక సన్నివేశం.

తెలుగు రాష్ట్రాలూ ఈ ప్రయోగానికి దూరంగా లేవు. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే విజయవాడ డివిజన్ నుంచి ఒడిశాలోని ఖుర్దా వైపు 'త్రిశూల్'ను, రాయచూరు నుంచి మణుగూరుకు 'గరుడ'ను నడిపింది. ఒక్కొక్కటి మూడు గూడ్సు రైళ్ళ కలయిక, ఒక్కొక్క దానికి 177 వ్యాగన్లు.

వీటి వ్యాపార ప్రయోజనం స్పష్టం. రద్దీ మార్గంలో ఒక రైలు నడిచే వ్యవధిలో మూడు రైళ్ళ సరుకు సాగిపోతుంది. కొత్త లైను వేయడానికి ఏళ్ళు పడుతుంది, భూసేకరణకు మరిన్ని ఏళ్ళు పడుతుంది. ఉన్న పట్టాల మీదనే ఎక్కువ సరుకు తరలించగలిగితే ఆ మేరకు ఆదాయం చేతికందినట్లే. 2024-25లో భారతీయ రైల్వే 161 కోట్ల టన్నులకు పైగా సరుకు రవాణా చేసింది. అందులో ఏటా 20 కోట్ల టన్నులకు మించి ఆగ్నేయ మధ్య రైల్వే ఒక్కటే అందిస్తున్నది. సరుకుపై వచ్చిన మిగులుతోనే ప్రయాణికుల చార్జీల లోటు పూడుతున్నది. ఇంజినీర్ల ప్రతిభ, యాజమాన్యం అవసరం ఒకే దిశలో సాగినందువల్లనే పొడవైన రైళ్ళు త్వరితగతిన పట్టాలెక్కాయి.

అయితే ఇదే ప్రాధాన్యం 2022 వేసవిలో మరో రూపంలో కనిపించింది. విద్యుత్ కేంద్రాలలో బొగ్గు నిల్వలు అడుగంటినప్పుడు గూడ్సు రైళ్ళకు దారి ఇవ్వడం కోసం పలు ప్రయాణికుల రైళ్ళను రద్దు చేశారు. వాటిలో ఛత్తీస్‌గఢ్ ప్రజలు నిత్యం ఆధారపడే రైళ్ళు అనేకం ఉన్నాయి. దేశానికి వెలుగునిచ్చే బొగ్గు ముందు వెళ్ళింది, ఆ బొగ్గు పుట్టిన నేల మీది ప్రయాణికుడు స్టేషన్‌లో నిలబడిపోయాడు.

తలకిందులు చేసే ఆవిష్కరణ

ఉన్న వ్యాపారాన్ని తలకిందులు చేసే ఆవిష్కరణల గురించి హార్వర్డ్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లో వెలువరించిన గ్రంథం వ్యాపార ప్రపంచాన్ని విశేషంగా ఆకట్టుకుంది. పెద్ద కంపెనీలు చెడ్డ నిర్వహణ వల్ల కాదు, మంచి నిర్వహణ వల్లనే దెబ్బతింటాయని ఆయన వాదించారు. అవి తమ పెద్ద ఖాతాదారులు అడిగినదే తయారు చేస్తాయి, ఎక్కువ లాభం వచ్చే సరుకునే మెరుగుపరుస్తాయి. అంతలో చవకగా, మొదట నాసిగా కనిపించే కొత్త వస్తువు అట్టడుగున ప్రవేశిస్తుంది. క్రమంగా మెరుగుపడి పై మార్కెట్‌నంతా ఆక్రమిస్తుంది. పాత దిగ్గజం మేలుకొనేసరికి ఆలస్యమై ఉంటుంది. నేడు ప్రతి కొత్త వస్తువుకూ ఈ సిద్ధాంతాన్ని అంటగట్టడం పరిపాటి అయింది. నిజానికి దాని పరిధి ఇంతే.

యంత్రం మారినప్పుడు దిగ్గజాలు ఎలా కూలుతాయో రైల్వే చరిత్రలోనే దృష్టాంతం ఉంది. అమెరికాలో ఆవిరి ఇంజిన్ల తయారీకి బాల్డ్విన్ కంపెనీ పెట్టింది పేరు. జనరల్ మోటార్స్‌కు చెందిన ఎలక్ట్రోమోటివ్ విభాగం డీజిల్ ఇంజిన్లను ఒకే నమూనాలో పెద్దసంఖ్యలో ఉత్పత్తి చేయడం మొదలుపెట్టినప్పుడు బాల్డ్విన్ ఆవిరి మీదనే నమ్మకం పెట్టుకుంది. 1956లో ఇంజిన్ల తయారీకే స్వస్తి చెప్పవలసి వచ్చింది. డీజిల్‌కు మారిన ఆల్కో కంపెనీ కూడా పోటీకి నిలవలేక 1969లో అమెరికాలో ఉత్పత్తి నిలిపివేసింది. అయితే ఆల్కో నమూనా భారతదేశంలో బతికింది. 1964లో వారణాసి డీజిల్ ఇంజిన్ల కర్మాగారం ఆ నమూనాతోనే ఉత్పత్తి ప్రారంభించింది. ఒక దేశంలో మూతపడిన విద్య మరో దేశానికి దశాబ్దాలపాటు అన్నం పెట్టింది.

ప్రైవేటు కంపెనీ తప్పుడు ప్రాధాన్యం పెట్టుకుంటే మార్కెట్టే దాన్ని శిక్షిస్తుంది. ఖాతాదారుడు పోటీదారు దగ్గరికి వెళతాడు, కంపెనీ మూతపడుతుంది. భారతీయ రైల్వేకు పోటీదారు లేడు. గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వచ్చే కూలికి, విద్యార్థికి, చిరుద్యోగికి అంత చవకైన మరో మార్గం లేదు. ఇటువంటి సంస్థలో తప్పుడు ప్రాధాన్యానికి మూల్యం సంస్థ చెల్లించదు, ప్రయాణికుడు చెల్లిస్తాడు. కాబట్టి పోటీ చేయవలసిన పనిని ఇక్కడ నాయకత్వం తనంతట తాను చేయవలసి ఉంటుంది.

హైదరాబాద్‌లో రూపొందిన కవచం

ఎర్ర సిగ్నల్‌ను దాటే రైలును దానంతట అదే ఆపగల పరికరం కోసం ప్రయత్నాలు కొత్తవి కావు. 1999 ఆగస్టు 2న పశ్చిమ బెంగాల్‌లోని గైసల్ వద్ద రెండు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొని 280 మందికి పైగా మరణించిన తరువాత, కొంకణ్ రైల్వే అధిపతిగా పనిచేసిన ఇంజినీరు బి. రాజారాం రూపొందించిన పరికరం విశేష చర్చకు వచ్చింది. ఉపగ్రహాల సహాయంతో రైలు తన స్థానాన్ని గుర్తించి, ఎదుట మరో రైలు ఉంటే బ్రేకు వేసే విధంగా దాన్ని తీర్చిదిద్దారు. హైదరాబాద్‌కు చెందిన కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ దాని తయారీ చేపట్టింది. కొంకణ్ మార్గంలోనూ, ఈశాన్య సరిహద్దు రైల్వేలోనూ దాన్ని అమర్చారు. పక్కపక్కనే ఉన్న పట్టాలలో రైలు దేని మీద ఉన్నదో ఉపగ్రహ సమాచారంతో తేల్చడం కష్టమైంది. అనవసరంగా బ్రేకులు పడడం వంటి చిక్కులు తలెత్తాయి. ఆ పరికరం దేశవ్యాప్తం కాలేదు.

ఆ వైఫల్యం నుంచే తదుపరి ప్రయత్నం పాఠం నేర్చుకుంది. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ దేశీయ కంపెనీలతో కలిసి మరో వ్యవస్థను రూపొందించింది. నేడు 'కవచ్' పేరుతో ప్రసిద్ధమైనది అదే. దీనిలో పట్టాల మధ్య స్లీపర్లకు చిన్న గుర్తింపు బిళ్ళలు అమర్చుతారు. రైలు వాటి మీదుగా వెళ్ళినప్పుడు తాను ఏ పట్టా మీద, ఎక్కడ ఉన్నదో కచ్చితంగా గ్రహిస్తుంది. స్టేషన్‌లోని యంత్రం సిగ్నళ్ళ స్థితిని రేడియో ద్వారా ఇంజిన్‌కు చేరవేస్తుంది. ముందున్నది ఎర్రదీపమని డ్రైవర్ గదిలోనే కనిపిస్తుంది. డ్రైవర్ స్పందించకపోతే యంత్రమే బ్రేకు వేస్తుంది. పొగమంచు, నిద్రమత్తు, ఏమరుపాటు - వేటికీ అది లోబడదు.

ప్రయాణికుల రైళ్ళపై తొలి క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో ప్రారంభమయ్యాయి. లింగంపల్లి - వికారాబాద్ - వాడి, వికారాబాద్ - బీదర్ మార్గాలు ఇందుకు ప్రయోగశాలలయ్యాయి. స్వతంత్ర భద్రతా పరిశీలన అనంతరం 2018-19లో మూడు కంపెనీలకు సరఫరా అనుమతి లభించింది. అవి మేధా సర్వో డ్రైవ్స్, హెచ్.బి.ఎల్. పవర్ సిస్టమ్స్, కెర్నెక్స్. మూడూ హైదరాబాద్ కంపెనీలే కావడం గమనార్హం. మేధా 1984లో, హెచ్.బి.ఎల్. 1977లో, కెర్నెక్స్ 1991లో స్థాపితమైనవి. ఒకటి రైలింజిన్ల ఎలక్ట్రానిక్ పరికరాలతో, మరొకటి విమానాల బ్యాటరీలతో పైకి వచ్చింది. మూడోదానికి పాత పరికరపు వైఫల్యమే అనుభవమయింది.

యూరప్ దేశాలలో ఇదే పని చేసే వ్యవస్థలను అక్కడి బహుళజాతి కంపెనీలు సరఫరా చేస్తున్నాయి. కవచ్‌కు మార్గం వెంబడి కిలోమీటరుకు దాదాపు 50 లక్షల రూపాయలు, ఒక్కో ఇంజిన్‌కు దాదాపు 80 లక్షల రూపాయలు ఖర్చవుతుందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. విదేశీ వ్యవస్థలతో పోల్చితే ఇది చాలా చవక. భద్రతలో మాత్రం అంతర్జాతీయంగా అత్యున్నతమైన నాలుగో స్థాయి ధ్రువీకరణ దీనికి ఉంది. చవకగా, అట్టడుగు నుంచి వచ్చి అగ్రస్థానంలోని వారితో తూగగలిగిన ఆవిష్కరణ అనడానికి కవచ్‌కు అన్ని అర్హతలూ ఉన్నాయి.

2022 మార్చి 4న గుల్లగూడ - చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజిన్ ఎక్కి దీనిని పరీక్షించారు. ఎదుట మరో ఇంజిన్ ఉండగా, మంత్రి ప్రయాణిస్తున్న ఇంజిన్ 380 మీటర్ల దూరంలో దానంతట అదే ఆగిపోయింది. పరిజ్ఞానం పనిచేస్తుందనడానికి అంతకుమించిన నిరూపణ అవసరం లేదు.

ఎందుకీ జాప్యం?

కవచ్‌ను జాతీయ వ్యవస్థగా 2020 జులైలో ఆమోదించారు. 2024 డిసెంబరు నాటికి అది అమలులోకి వచ్చింది 1,548 కిలోమీటర్లలో. దేశంలోని రైలు మార్గం దాదాపు 69 వేల కిలోమీటర్లు. అంటే సుమారు రెండు శాతం. అందులోనూ 1,465 కిలోమీటర్లు దక్షిణ మధ్య రైల్వేకు చెందినవే. మెరుగుపరచిన నాలుగో రూపానికి 2024 జులైలో ఆమోదం లభించింది. 2025 జులైలో మథుర - కోట మధ్య 324 కిలోమీటర్ల మేర అది అమలులోకి వచ్చింది. బిలాస్‌పూర్ వద్ద ప్రమాదం జరిగిన నాటికి ఆ మార్గంలో కవచ్ లేదు.

ఈ జాప్యానికి రైల్వే అధికారులు చెప్పే కారణాలు తీసివేయదగినవి కావు. ప్రతి స్టేషన్‌లో యంత్రాలు, మార్గమంతటా రేడియో స్తంభాలు, ఆప్టికల్ ఫైబర్ తీగలు, వేలాది ఇంజిన్లలో పరికరాలు అమర్చాలి. ప్రతి స్టేషన్‌లో పట్టాల అమరిక వేరు కాబట్టి ఒక చోటి పని మరో చోటికి యథాతథంగా సరిపోదు. మొదట్లో సరఫరాదారులు మూడు కంపెనీలే. నడుస్తున్న రైళ్ళను ఆపకుండా ఈ పనంతా చేయాలి. భారీ ప్రమాదాల సంఖ్య 2014-15లో 135 ఉండగా 2024-25 నాటికి 31కి తగ్గిందన్నదీ వాస్తవమే. కవచ్ సర్వరోగనివారిణి కాదన్నదీ అంతే నిజం. 2023 జూన్ 2న బాలేశ్వర్ వద్ద 290 మందికి పైగా బలిగొన్న ప్రమాదానికి సిగ్నల్ తీగల కలయికలో జరిగిన పొరపాటు కారణం. అటువంటి లోపం ముందు కవచ్ కూడా నిస్సహాయమే.

అయినా ఈ సమాధానాలతో ప్రశ్న సమసిపోదు. అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి భద్రతా సమీక్షా సంఘం 2012 ఫిబ్రవరిలోనే నివేదిక సమర్పించింది. 19 వేల కిలోమీటర్ల ప్రధాన మార్గాలలో యూరప్ తరహా రైలు నియంత్రణ వ్యవస్థను ఐదేళ్ళలో నెలకొల్పాలని, అందుకు 20 వేల కోట్ల రూపాయలు అవసరమని అంచనా వేసింది. ఆ ఐదేళ్ళు 2017లోనే గడిచిపోయాయి. ఆ సంవత్సరమే ఐదేళ్ళకు లక్ష కోట్ల రూపాయలతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ ఏర్పాటు చేశారు. ఆ నిధులలో కొంత మొత్తాన్ని ప్రాధాన్యం లేని వస్తువులకు, పనులకు వెచ్చించారని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2022 నివేదికలో ఎత్తిచూపారు. నిధులు లేకపోవడమే అసలు సమస్య అయితే, ఉన్న నిధులు అలా తరలిపోయి ఉండేవి కావు.

లెక్కలు రాసే పద్ధతిలోనే అసలు చిక్కు ఉంది. పొడవైన రైలు నడిపితే ఆ నెలలోనే టన్నుల సంఖ్య పెరుగుతుంది, ఆదాయం కనిపిస్తుంది, అధికారికి ప్రశంస లభిస్తుంది. ప్రమాదాన్ని నివారించే యంత్రం అమర్చితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే దాని విజయం. జరగని ప్రమాదానికి ఫొటో ఉండదు, తప్పించుకున్న మరణానికి పద్దు ఉండదు. మంచి నిర్వాహకులే తప్పుడు దారి పడతారన్న హార్వర్డ్ ఆచార్యుని హెచ్చరిక ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. లెక్కకు అందిన దాన్ని మెరుగుపరచడంలో మునిగిపోయిన వారికి, లెక్కకు అందనిది కంటికి ఆనదు.

గడువు విధించిన దేశాలు

ఈ పరికరాలను పలు దేశాలు ప్రమాదం జరిగిన తరువాతనే విస్తృతంగా అమర్చుకున్నాయి. ప్రమాదం తరువాత ఎంత త్వరగా అమర్చుకున్నదన్నదే తేడా. జపాన్‌లో 1962లో మికావాషిమా వద్ద 160 మంది మరణించారు. 1966 నాటికి జాతీయ రైల్వే మార్గాలన్నిటా రైళ్ళను ఆపే పరికరాలు వచ్చాయి. బ్రిటన్‌లో 1999 అక్టోబరు 5న లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్ వద్ద ఒక రైలు ఎర్ర సిగ్నల్‌ను దాటి మరో రైలును ఢీకొన్నది. 31 మంది చనిపోయారు. 2003 ముగిసేలోగా అక్కడ రైలును నిలిపే వ్యవస్థ ఏర్పాటయింది.

అమెరికా అనుభవం భారతదేశానికి మరింత దగ్గర. అక్కడ కూడా సుదీర్ఘమైన గూడ్సు రైళ్ళే రైల్వేకు జీవనాధారం. 2008 సెప్టెంబరు 12న కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ వద్ద ప్రయాణికుల రైలు ఎర్ర సిగ్నల్‌ను దాటి గూడ్సు రైలును ఢీకొని 25 మంది మరణించారు. నెల తిరగ్గానే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2015 చివరికి పని పూర్తికావాలని నిర్దేశించింది. ప్రైవేటు రైలు కంపెనీలు మొరపెట్టుకున్నాయి, గడువు రెండుసార్లు జరిగింది. అయినా 2020 డిసెంబరులో 57 వేల మైళ్ళకు పైగా మార్గంలో వ్యవస్థ పూర్తయింది. పన్నెండేళ్ళు పట్టింది, అయితే పని ఆగలేదు. కారణం గడువు చట్టంలో ఉంది. జాప్యానికి ఎవరు జవాబుదారీయో నిర్ణయమై ఉంది. భారతదేశంలో కవచ్‌కు లక్ష్యాలు ఉన్నాయి, ప్రకటనలు ఉన్నాయి. చట్టబద్ధమైన గడువు మాత్రం లేదు.

యంత్రం వెనుక మనిషి

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లాలో కంటకాపల్లి - అలమండ మధ్య విశాఖపట్నం - రాయగడ ప్యాసింజరు, ముందు వెళుతున్న విశాఖపట్నం - పలాస ప్యాసింజరును వెనుకనుంచి ఢీకొన్న దుర్ఘటన తెలుగువారి స్మృతిలో ఇంకా పచ్చిగానే ఉంది. లోపం తలెత్తిన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళను నిబంధన పాటించకుండా దాటారని ప్రాథమిక విచారణలో తేలింది. రద్దీ మార్గాలలో ఒకదాని వెనుక ఒకటిగా ఎక్కువ రైళ్ళు నడపడానికి ఆటోమేటిక్ సిగ్నళ్ళు ప్రవేశపెట్టారు. అవి సరిగ్గా పనిచేసినంతకాలం అద్భుతం. లోపం వస్తే భారమంతా డ్రైవర్ మీదనే పడుతుంది. రెండు రైళ్ళ మధ్య ఎడం తగ్గింది కాబట్టి పొరపాటు దిద్దుకునే వ్యవధి కూడా తగ్గుతుంది. అంటే రద్దీని పెంచే పరికరం ముందు వచ్చింది, ఆ రద్దీ తెచ్చే ముప్పును తగ్గించే పరికరం వెనుకబడింది.

అలమండ వద్దా, బిలాస్‌పూర్ వద్దా వెనుక రైలు నడుపుతున్న డ్రైవర్ ప్రాణాలు కోల్పోయాడు. ప్రతి ప్రమాదం తరువాత 'మానవ తప్పిదం' అన్న మాట ముందుగా వినిపిస్తుంది. ఆ మాట వాస్తవమే కావచ్చు. మనిషి పొరపాటు చేస్తాడన్నది ఇంజినీరింగ్ శాస్త్రం మొదటి పాఠం. పొరపాటు జరిగినా ప్రాణం పోకుండా చూడడం రెండో పాఠం. డ్రైవర్ విశ్రాంతి, శిక్షణ, మానసిక యోగ్యతా పరీక్ష - వీటన్నిటికీ బాధ్యులు వేరే ఉన్నారు. సిగ్నల్ దాటిన క్షణానికి డ్రైవర్ ఒక్కడే బాధ్యుడు. ఆ క్షణాన్ని కాపాడగల యంత్రం అక్కడ లేకపోవడానికి మాత్రం అనేకమంది, అనేక సంవత్సరాలపాటు బాధ్యులు.

చేయవలసిందేమిటి?

ఢిల్లీ - ముంబై, ఢిల్లీ - హౌరా మార్గాలకు కవచ్ అమలులో తొలి స్థానం ఇచ్చారు. వేగంగా వెళ్ళే రైళ్ళు, ఎక్కువమంది ప్రయాణికులు ఉన్న ఆ మార్గాలకు ప్రాధాన్యం ఇవ్వడంలో అర్థముంది. కాని వేగం ఒక్కటే ప్రమాదాన్ని కొలిచే కొలమానం కాకూడదు. భారీ గూడ్సు రైళ్ళు, నెమ్మదిగా నడిచే స్థానిక రైళ్ళు ఒకే పట్టాల మీద ఒకదాని వెనుక ఒకటిగా సాగే బిలాస్‌పూర్, చంపా, కోర్బా వంటి మార్గాలలోనూ, కొత్తవలస - విజయనగరం వంటి మార్గాలలోనూ ముప్పు తక్కువేమీ కాదు. సరుకు రద్దీ ద్వారా అత్యధిక ఆదాయం ఇచ్చే మార్గాలకు ఆ ఆదాయంలో నుంచే భద్రత కల్పించడం న్యాయమూ, వ్యాపార వివేకమూ.

మార్గాల వారీగా గడువు ప్రకటించి, ఏటా ఎంత పని జరిగిందో పార్లమెంటు ముందుంచాలి. భద్రతా నిధిని ఇతర పనులకు మళ్ళించే వీలు లేకుండా చేయాలి. సరఫరాదారుల సంఖ్య పెంచుతూనే నాణ్యతా పరీక్షలలో సడలింపు ఇవ్వకూడదు. హైదరాబాద్ కంపెనీలకు ఆర్డర్ల జోరు పెరగడం ఆ నగరానికి శుభవార్తే. కాని షేర్ మార్కెట్‌లో వాటి ధర ఎంత పెరిగిందన్నది కాదు, ఎన్ని ఇంజిన్లలో వాటి యంత్రాలు పనిచేస్తున్నాయన్నదే ఈ ఆవిష్కరణకు కొలబద్ద కావాలి.

మూడున్నర కిలోమీటర్ల రైలును నడిపి చూపడం సామర్థ్యానికి నిదర్శనం. దాన్ని తక్కువ చేయనవసరం లేదు. అదే పట్టుదల, అదే తొందర, అదే గర్వం కవచ్ విషయంలోనూ కనబరచి ఉంటే 2025 నవంబరు 4 సాయంత్రం ఆ మెమూ రైలు ఎర్రదీపం ముందు ఆగి ఉండేది. ప్రయాణికులు పది నిమిషాల ఆలస్యానికి విసుక్కుంటూ బిలాస్‌పూర్‌లో దిగి, మోప్కాకో, మరో బస్తీకో, ఎవరి ఇళ్ళకు వారు చేరి ఉండేవారు. అది ఏ పత్రికలోనూ వార్త అయ్యేది కాదు.